మూడు గొట్టాల రక్తం

మేడ మీద గది నుంచి
జనవరి 9

మేనకోడలికి మామయ్య కోపంతో రాస్తున్న ఉత్తరం.

నీ క్షేమం అడగను. ఉద్యోగం ఉంది, చల్లటి గది ఉంది, క్షేమంగానే ఉంటావు. నా క్షేమం రాయను. ఏడేళ్ళుగా నాలో ఒక ముల్లు దిగి ఉంది, దాని గురించి రాస్తాను.

ఏడేళ్ళ కిందట ఒక ఆదివారం నువ్వు ఐసు పెట్టిన చల్లడబ్బా ఒకటి భుజాన తగిలించుకుని మా ఇంటికొచ్చావు. మీ బావ నడక చూసి, 'ఇదేదో తేడాగా ఉంది మామయ్యా, రక్తం తీసి చూస్తాను' అన్నావు. నన్ను కుర్చీలో, మీ అత్తయ్యని మంచం మీద, మీ బావని గుమ్మంలో కూర్చోబెట్టి తలో గొట్టం తీశావు. మీ అత్తయ్య సూదంటే హడలిపోయే మనిషి. నీ మొహం చూసి చెయ్యి చాపింది. మూడు నెలల్లో చెప్తానన్నావు.

ఆ మూడు నెలలు ఇంకా అవలేదు. మీ అత్తయ్య 'అమ్మాయి ఏమన్నా రాసిందా' అని అడుగుతూ అడుగుతూ కిందటేడు పోయింది. నువ్వొచ్చావు, ఏడ్చావు, వెళ్ళావు. రక్తం మాట ఎత్తలేదు. ఫోను చేస్తే 'మళ్ళీ చేస్తాను మామయ్యా, మెషీను నడుస్తోంది' అంటావు. అదేం మెషీను, ఏడేళ్ళు ఆగకుండా నడుస్తుంది? అందుకే కాగితం మీద రాస్తున్నాను. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేవు.

నాకు చదువు లేదు, నీకు తెలుసు. నేను నేర్చిన అక్షరాలన్నీ రోడ్డు మీద అచ్చురేకు పెట్టి పెయింటు కొట్టినవే. ఆగు, నిదానం, బడి. అందుకే నా అక్షరం ఒక్కోటి గరిటె అంత ఉంటుంది. ఈ నాలుగు ముక్కలకే మూడు కాగితాలయ్యాయి. నవ్వుకుంటే నవ్వుకో.

నాకు కావలసింది ఒక్క మాట. మీ బావ తాగేవాడా, తాగలేదా? తాగుబోతని వాణ్ణి ఇంట్లోంచి పంపేశాను. నీ దగ్గర్నుంచి కబురు రాలేదు గనక రోగం లేదనుకున్నాను. రోగం లేకపోతే తాగుడే కదా. నాకిప్పుడు డెబ్బై ఒకటి. చేసింది ఒప్పో తప్పో తెలియకుండా పోవడం నాకిష్టం లేదు. ఆ గొట్టంలో ఏముందో రాయి.

మామయ్య


మూడో అంతస్తు, పరిశోధనశాల
జనవరి 21

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. ఆలస్యానికి మన్నించాలి. పరిశోధన కోసం తీసుకున్న రక్తం ఫలితాలు ఆసుపత్రిలో రిపోర్టులా వెంటనే ఇచ్చేవి కావు. రెండు మూడుసార్లు సరిచూడాలి, పైవాళ్ళ అనుమతి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరి ఫలితం వారికే చెప్పాలన్నది మా నియమం. పెద్దవాడైన కొడుకు సంగతి తండ్రికి కూడా చెప్పకూడదు. మీరు అర్థం చేసుకుంటారని నమ్ముతున్నాను.

మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? చలిలో బయట తిరగకండి.

మీ మేనకోడలు


మేడ మీద గది
ఫిబ్రవరి 2

అమ్మాయ్,

నీ ఉత్తరం అచ్చులో ఉంది. కుళాయి కనెక్షను పీకేస్తామని వచ్చే నోటీసు కూడా ఇలాగే ఉంటుంది. గౌరవనీయులైన అట. చిన్నప్పుడు నా భుజమెక్కి జుట్టు పట్టుకుని 'మామా, ఆ లారీని దాటెయ్' అనేదానివి. ఇప్పుడు మీరూ, గారూ. మనిషి దగ్గర ఏదో దాచినప్పుడే ఇంత మర్యాద పుట్టుకొస్తుంది.

మోకాళ్ళ నొప్పి అడిగావు. అది మీ అత్తయ్యకి. నాకెప్పుడూ లేదు.

నేను బాగానే ఉన్నాను. టీ గ్లాసు నిండా పోయించుకోను, సగమే తాగుతాను, అది నా ఇష్టం. సైకిలు అమ్మేశాను. దాని హ్యాండిలు వంకర.

మీ నియమం మీ గోడకి అంటించుకోండి. ఎవరిది వారికే అన్నావుగా, నాది నాకు చెప్పు. మీ బావ సంగతి ఎందుకడుగుతున్నానో రాస్తాను, చదివాక నీ నియమం ఏమంటుందో చూద్దాం.

వాడూ నేనూ ఒకే పెయింటు బండి మీద పనిచేశాం. గీత తిన్నగా రావడానికి సుద్ద తాడు నేను లాగేవాణ్ణి, బండి వాడు తోసేవాడు. పదేళ్ళు. మా గీత చూసి ఇంకో కాంట్రాక్టరు మనుషులు ఇంత తిన్నగా ఎలా వేశారా అని వంగి చూసేవాళ్ళు. వాడు నాకంటే బాగా వేసేవాడు. ఆ మాట వాడితో ఎప్పుడూ అనలేదు. ముప్ఫయ్యొకటో ఏట వాడి గీత పాడైంది. ముందు చివర్లు, తర్వాత మొత్తం. మాట ముద్దగా వచ్చేది. అన్నం ముద్ద నోటి దగ్గర ఆగకుండా చెంపకి పోయేది. కాంట్రాక్టరు బండి లాగేసుకున్నాడు. పనివాళ్ళు నవ్వారు. 'నేను తాగలేదు నాన్నా' అనేవాడు. ఆ మాట కూడా తాగినవాడిలాగే అనేవాడు.

ఆ నడక నాకు కొత్త కాదు. మా నాన్నది అదే. కాళ్ళు ఎడంగా వేసి, కింద నేల కదులుతున్నట్టు, గోడ కోసం తడుముకుంటూ. అందరూ ఆయన్ని తాగుబోతనే పిలిచేవాళ్ళు. వీధిలో పడితే ఏడేళ్ళవాణ్ణి నేనే వెళ్ళి లేపేవాణ్ణి. నా ఇంట్లోకి చుక్క రానివ్వనని అప్పుడే ఒట్టేసుకున్నాను. రానివ్వలేదు.

నువ్వు పెట్టిన గడువు దాటిన ఎనిమిదో రోజు. మా వీధి చివర నేను కొత్తగా వేసిన గీత ఉంది. వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళాను. 'దీని మీద పది అడుగులు నడు, నమ్ముతాను' అన్నాను. టీకొట్టువాడు, పనివాళ్ళు, పక్కింటివాళ్ళు, అందరూ చూస్తున్నారు. వాడు నా మొహం కేసి ఒకసారి చూసి మొదలుపెట్టాడు. నాలుగో అడుగు పక్కకి పడింది. ఆరో అడుగుకి వాడే పడ్డాడు. లేవబోతుంటే కొట్టాను. 'తాత రక్తం, ఎక్కడికి పోతుంది' అన్నాను. వాడేమీ మాట్లాడలేదు. సాయంత్రానికి సంచి సర్దుకున్నాడు.

నాది తప్పు కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కాదని రాసి పంపు, చాలు.

మామయ్య


పరిశోధనశాల
ఫిబ్రవరి 19

మామయ్యా,

గీత సంగతి నాకు తెలియదు. బావ ఎప్పుడూ చెప్పలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నియమం పక్కన పెడుతున్నాను.

ముందు నీ మాటకి జవాబు. బావ తాగలేదు. ఏ రోజూ తాగలేదు.

తల వెనక, మెడకి కాస్త పైన, చిన్న మెదడని ఉంటుంది. చెయ్యి ఎక్కడ ఆగాలి, కాలు ఎంత దూరం పడాలి, నాలుక ఎప్పుడు మెదలాలి, ఈ లెక్కంతా దానిది. అందులో కొమ్మలు విరబోసుకున్న చెట్లలాంటి పెద్ద కణాలుంటాయి. ఒక్కో కణం లోపల కాల్షియం దాచుకునే సంచులు. సంచి గోడకి తలుపులు. ఆ తలుపులనే మేము రిసెప్టర్లంటాం. ప్రొటీనుతో తయారైనవి, ఎంత చిన్నవంటే సూదిమొన మీద లక్షలు పడతాయి. బయట నుంచి కణానికి పిలుపు వస్తే లోపల ఒక కబురు పుడుతుంది. అది వెళ్ళి తలుపుని తాకుతుంది. తలుపు తెరుచుకుని కాల్షియం బయటికి దూకుతుంది. కొంచెం కాల్షియం తగిలితే పక్క తలుపులు కూడా తెరుచుకుంటాయి. మరీ ఎక్కువైతే అవే మూసుకుంటాయి. బయటపడ్డదాన్ని కణం మళ్ళీ సంచిలోకి తోడుకుంటుంది.

అందుకని కాల్షియం ధారగా రాదు, విడతలుగా వస్తుంది. నువ్వు రోడ్డు మధ్యలో వేసే తెగిన గీతలాగా. మూడు మీటర్లు గీత, ఆరు మీటర్లు ఖాళీ. ఆ ఖాళీ కూడా కబురే. ఎంతసేపు వచ్చింది, ఎంతసేపు ఆగింది, దాన్నిబట్టే కణం తన పని తెలుసుకుంటుంది. ఆ విడతలని దిద్దేది ఈ తలుపులే.

తలుపు ఎలా తయారవాలో రాసి ఉన్న కాగితాలు ప్రతి మనిషిలో రెండుంటాయి. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. మన ఇంట్లో ఒక కాగితంలో పెద్ద ముక్క చిరిగిపోయి ఉంది. ఉన్న ఒక్క కాగితంతో తలుపులు సగమే తయారవుతాయి. సగం తలుపులతో కాల్షియం సన్నగా వస్తుంది, వేళ తప్పి వస్తుంది. కణం కొన్నేళ్ళు ఎలాగో నెట్టుకొస్తుంది. తర్వాత ఒక్కోటీ ఆరిపోతాయి.

మీ రక్తంలోంచి కణాలు పెంచాను. కాల్షియం తగిలితే మెరిసే రంగు వేసి చూశాను. అత్తయ్యవి పిలిచిన వెంటనే మెరిశాయి. బావవి మసగ్గా, ఆలస్యంగా. నీవి కూడా అంతే మామయ్యా. బావకిది నీ నుంచే వచ్చింది. కొందరికి ముప్ఫైల్లో బయటపడుతుంది, కొందరికి అరవై దాటాక. ఎందుకో మాకు తెలియదు.

దీనికి మందు లేదు. ఇప్పటికైతే లేదు అని రాయబోయి ఆగాను. నీ దగ్గర ఆ మాట చెల్లదు.

నీ మేనకోడలు


మేడ మీద గది
మార్చి 3

అమ్మాయ్,

నీ ఉత్తరం పది రోజులు చదివాను. కింద వాటాలో మాస్టారున్నాడు, చదివిపెట్టమందామనుకున్నాను. మన ఇంటి విషయం అని మానుకుని వేలు పెట్టి నేనే చదివాను.

మొదటి రోజే మందుల షాపుకి పోయి కాల్షియం మాత్రలు తెచ్చాను. తెల్లవి, సుద్దముక్కంత. పొద్దునొకటి సాయంత్రమొకటి మింగాను. మీ బావకి కూడా పంపుదామని రెండు సీసాలు కొన్నాను. తర్వాత నీ గీత ముక్క మళ్ళీ చదివాను. గీత గురించి నాకు నువ్వు చెప్పక్కర్లేదు గానీ, ఖాళీ కూడా కబురే అన్నావే, అది సరైన మాట. ఖాళీ చూసే డ్రైవరు పక్కకి దాటొచ్చని తెలుసుకుంటాడు. ఆ గీత ఎలా పాడవుతుందో కూడా నాకు తెలుసు. డబ్బా నిండా పెయింటుంటుంది. దాన్ని కిందికి వదిలే మీట బిగుసుకుపోతుంది. డబ్బాలో ఇంకో నాలుగు లీటర్లు పోస్తే ఏం లాభం? అప్పుడర్థమైంది. మాత్రలు మాస్టారి భార్యకిచ్చేశాను. ఆవిడ నాకు ఎముకల జబ్బని జాలిపడింది.

నా రక్తం ఇంకా మీ గదిలో బతికే ఉందా? మీ అత్తయ్యది కూడానా? అది రాయి.

ఇక నిజం రాస్తాను. సైకిలు హ్యాండిలు బాగానే ఉండేది. టీ సగమే ఎందుకు పోయించుకుంటానో నీకు తెలిసే ఉంటుంది. ఈ మెట్లు గోడకి భుజం ఆనించి దిగుతున్నాను. రెండేళ్ళయింది. వయసు అనుకున్నాను.

రాత్రుళ్ళు కాదు, పగలే కూర్చుని మా నాన్న గురించి ఆలోచిస్తున్నాను. ఇటుకబట్టీలో పనిచేసేవాడు. నాకు పధ్నాలుగేళ్ళప్పుడు కాలవలో పడి పోయాడు. తాగి పడ్డాడన్నారు. వీధిలో ఎన్నిసార్లు లేపానో, చంకలో చెయ్యి వేసి, మొహం మొహానికి తగిలేట్టు. ఇప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా చెమట వాసన వస్తోంది, ఇటుక దుమ్ము వాసన వస్తోంది. ఇంకో వాసన రావడం లేదు. మా అమ్మ 'మీ నాన్న తాగడురా' అనేది. మొగుడి పరువు కోసం అబద్ధమాడుతోందనుకున్నాను. ఒకసారి ఆ మాటకి ఆమె మీద ఉమ్మేశాను కూడా.

నడక ఒకటేనని నేను సరిగ్గానే పట్టాను. అంతవరకే పట్టాను.

రెండు మాటలు అడుగుతాను. మీ బావ ఎక్కడున్నాడు? నేను ఆ గీత మీద నడవమన్న రోజుకి ఈ సంగతి వాడికి తెలుసా?

దాచకు.

మామయ్య


నా గదిలోంచి
మార్చి 15

మామయ్యా,

ఇది చేత్తోనే రాస్తున్నాను. అచ్చులో రాయబుద్ధి కాలేదు.

తెలుసు. అప్పటికి పద్దెనిమిది రోజులయింది. ముందు బావకే చెప్పాను, అది వాడి రక్తం గనక. టీ తాగుతూ విన్నాడు. 'ఎటు నుంచి వచ్చింది?' అని మాత్రం అడిగాడు. చెప్పాను. గ్లాసు కింద పెట్టి, 'నాన్నకి చెప్పకు' అన్నాడు.

నేను పోట్లాడాను. అది తప్పు, నీ మీద నింద పడుతుందన్నాను. వాడు అన్న మాట అన్నట్టే రాస్తున్నాను. 'కొడుకు తాగుబోతయితే ఆయనకి కోపం వస్తుంది. కోపంతో మనిషి నిలబడతాడు. ఇది తెలిస్తే కూలబడిపోతాడు. తాతని అంతగా అసహ్యించుకుని బతికినవాడికి, తాత తాగలేదని, అదే తనలోనూ ఉందని, తన నుంచే నాకొచ్చిందని చెప్తే ఇంకేం మిగులుతుంది? నన్నే తాగుబోతుగా ఉండనీ.' నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మొన్న ఫిబ్రవరిలో ఆ ఒట్టు తప్పాను. వాడికింకా చెప్పలేదు.

బావ ఇక్కడే ఉన్నాడు, నా గదికి రెండు బస్టాపుల దూరంలో. కింది వాటా, మెట్లు లేవు. గోడ పొడుగునా పట్టుకోడానికి ఇనప కడ్డీ వేయించాను. పెళ్ళి చేసుకోలేదు. 'నాతో ఆగిపోనీ' అన్నాడు. ఆరేళ్ళు బళ్ళు నిలిపే చోట చీటీలిచ్చే పని చేశాడు. తాగి డ్యూటీకి వస్తున్నాడని ఎవరో ఫిర్యాదు చేస్తే తీసేశారు. డాక్టరు కాగితం చూపించమన్నాను. 'ఎదురైన ప్రతివాడికీ నా మెదడు విప్పి చూపించాలా?' అన్నాడు. పోలికలు ఎక్కడికి పోతాయి.

అత్తయ్య పోయినరోజు వచ్చాడు. ఎదురింటి అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని రెండుసార్లు వెళ్ళి పిలిచాను. 'ఈ రోజు కూడా తాగొచ్చాడంటారు' అన్నాడు. అందర్నీ పంపించాక చూస్తే అరుగు ఖాళీగా ఉంది.

నువ్వడిగావు గనక, మీ ముగ్గురి కణాలూ గడ్డకట్టించి పెట్టెలో భద్రంగా ఉన్నాయి. వెచ్చబెడితే మళ్ళీ లేస్తాయి. అత్తయ్యవి కూడా.

ఇంకోటి. నాలుగో గొట్టం కూడా ఉంది, నాది. మా అమ్మ నీ చెల్లెలే కదా. నాలో అది లేదు. ఏడేళ్ళూ నీ ఫోను ఎత్తలేకపోవడానికి ఒట్టు ఒక్కటే కారణం కాదు.

నీ మేనకోడలు


మేడ మీద గది
మార్చి 27

అమ్మాయ్,

నీకు లేదన్న ముక్క చివర్న సన్నటి అక్షరాలతో రాశావు, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. పెద్దక్షరాలతో రాయవలసింది. ఇంట్లో ఒక్కదానికైనా లేదు. దానికి మొహం దాచుకుంటారా, పిచ్చిదానా.

మిగతాది ఎలా రాయాలో తెలియడం లేదు. పద్దెనిమిది రోజులు. తెలిసి కూడా గీత మీదికి నడిచాడు. పడతానని తెలిసి నడిచాడు. నేను కొడుతుంటే నోరు తెరిచి ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేనైతే అనేవాణ్ణి. అరిచి చెప్పేవాణ్ణి.

నువ్వు దాచావన్నాను, నేనూ ఒకటి దాచాను. ఆ రోజు ఎదురు అరుగు మీద కూర్చున్నది ఎవరో నాకు తెలుసు. కిటికీలోంచి చూశాను. వాడొస్తే పక్కకి తప్పుకుందామనుకున్నాను. పిలవాలనుకోలేదు. వాడు లేచి నిలబడి, స్తంభం పట్టుకుని, ఊగి, మళ్ళీ కూర్చున్నాడు. 'అమ్మ పోయినరోజు కూడా' అని మనసులో అనుకుని కిటికీ రెక్క మూశాను. మీ అత్తయ్య అప్పటికి ఇంకా ఇంట్లోనే ఉంది.

ఇందులో ఒక చీటీ పెడుతున్నాను. నాలుగు రోజులు కూర్చుని కాగితాలు పాడుచేశాను. రాసింది మూడు మాటలు. 'రేయ్. నువ్వు తాగలేదు.' కింద నాన్న అని ఉంది. అది చదివి వినిపించు. నీ దగ్గర్నుంచి ఇంకేమీ కలపకు. క్షమించమన్నాడని, ఏడుస్తున్నాడని, అలాంటివి చెప్పకు. నేను ఏడవడం లేదు.

తర్వాత, నేను రావచ్చా అని అడుగు. రమ్మంటే మర్నాడే బస్సెక్కుతాను.

మామయ్య


నా గది
ఏప్రిల్ 13

మామయ్యా,

చదివాను. ఒట్టు తప్పానని ముందు చెప్పి, తిట్లు తిని, తర్వాత చదివాను. 'మళ్ళీ చదువు' అన్నాడు. చదివాను. చీటీ ఇమ్మని తీసుకుని తనే చూశాడు. అక్షరాలు చూసి నవ్వాడు. 'ఏడేళ్ళలో మూడు మాటలు. మొత్తానికి ముసలాయన మెరుగుపడ్డాడు' అన్నాడు. చీటీ జేబులో పెట్టుకోబోతే చెయ్యి జేబు దాటిపోయింది. నేను పెట్టాను.

తర్వాత 'నాన్న ఇప్పుడెలా నడుస్తున్నాడు?' అని అడిగాడు. నువ్వు రాసింది నాకు గుర్తొచ్చింది. అబద్ధం చెప్పలేకపోయాను.

'అయితే రావద్దను' అన్నాడు. 'నా నడక ఆయన కాళ్ళలో నేను చూడలేను. ఆయన నా కాళ్ళు చూడొద్దు. ఆ రోజు చూసింది చాలు.'

ఇంకో నాలుగుసార్లు అడిగాను, వేరే వేరే రోజుల్లో. అదే మాట. నీతో ఫోనులో మాట్లాడిద్దామనుకున్నాను. కుదరదు మామయ్యా. మాట బాగా పాడైంది. నేను పైన రాసిన నాలుగు వాక్యాలు అనడానికి వాడికి పావుగంట పట్టింది. పెదాలు చూస్తే తప్ప నాకే సగం తెలియదు. మాట నేర్పే ఆవిడ ఇంకో ఏడాది అంది, ఆ తర్వాత నాక్కూడా అర్థం కాకపోవచ్చట. ఏడాది అని వాడి ముందు అనలేదు. వాడికి తెలుసు.

మా పని కూడా జూన్‌తో ఆపేస్తున్నారు. నన్ను వేరే విభాగంలో వేశారు. సగం తలుపులతో కణం ఎందుకు ఆరిపోతుందో చూడగలిగాం, ఆరకుండా ఆపడం మాకు చేతకాలేదు. పెట్టెలో మీ గొట్టాలుంటాయి. తెరిచి చూసేవాళ్ళుండరు. ఇది నీకు రాయకూడదనుకున్నాను, కానీ దాచనని మాటిచ్చినట్టయింది కదా.

నీ మేనకోడలు


మేడ మీద గది
ఏప్రిల్ 26

అమ్మాయ్,

వాడు వద్దన్నా రావాలనే బయల్దేరాను. బస్సు వేళలు కనుక్కుందామని స్టాండుకి పోయాను. టికెట్ల గది ముందు రెండు మెట్లున్నాయి. రెండో దాని మీద కాలు తప్పి పడ్డాను. పెద్ద దెబ్బేం కాదు, మోచెయ్యి గీసుకుంది. నలుగురు చేరారు. 'పొద్దున్నే పట్టించాడు ముసలాడు' అన్నాడొకడు.

నేను తాగలేదని అరిచాను. నా జన్మలో తాగలేదన్నాను. అరుస్తుంటే నాలుక మడత పడింది. మాట ముద్దగా వచ్చింది. ఇంకా నవ్వారు. నా తలలో ఫలానా తలుపులు సగమే ఉన్నాయి, కాల్షియం వేళకి రాదు అని చెప్పబోయాను. నీ ఉత్తరంలోదంతా నాకు కంఠతా వచ్చు. మొదలుపెట్టేసరికి ఒకామె తన పిల్లని పక్కకి లాక్కుంది. చివరికి ఒకతను, మంచివాడే, నా చంకలో చెయ్యి వేసి లేపాడు. బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, 'కాసేపు కూర్చో తాతా, దిగిపోతుంది' అన్నాడు. అతను నన్ను కొట్టినా బాగుండేది.

అప్పుడు తెలిసింది మీ బావ ఆ రోజు ఎందుకు నోరు మెదపలేదో. మెదిపినా నేను వినేవాణ్ణి కాదు. ఆ సంగతి నాకంటే వాడికి బాగా తెలుసు.

మీ పని ఆపేస్తున్నారన్నావు. ఆపనీ. వాడు బాగవుతాడని గానీ నేను బాగవుతానని గానీ నీకెప్పుడూ రాయలేదు, రాయను. వాడు నన్ను నాన్నా అనాలని కూడా అడగడం లేదు. వాడి మాట పూర్తిగా పోకముందు, 'నువ్వు నన్ను కొట్టావు' అని వాడు నాతో అనాలి. పావుగంట పట్టినా సరే, నాకు పనేముంది, కూర్చుని వింటాను. విని, అవును కొట్టాను అంటాను. అంతకుమించి మా ఇద్దరి మధ్యా ఏమీ మిగల్లేదు. అది కూడా చీటీల మీద అయిపోవడం నేనొప్పుకోను.

నడక చూడలేనన్నాడు. న్యాయమే. నాకొక దారి తోచింది, విను. ఆటోలో నన్ను గుమ్మం దాకా తీసుకురా. ఆ టైముకి వాణ్ణి వెనక వైపు ఇంకో చోట కూర్చోబెట్టు. నన్ను లోపలికి తెచ్చి కుర్చీలో వెయ్యి. నేను కుదురుకున్నాక వాడికి ఎదురుగా కుర్చీతో సహా నన్ను జరుపు, చక్రాల కుర్చీ అక్కడ ఏ ఆసుపత్రిలోనైనా అరువు దొరుకుతుంది. వాడు ముందే కూర్చుని ఉండాలి. వెళ్ళేటప్పుడు కూడా అంతే. నా నడక వాడు చూడడు, వాడి నడక నేను చూడను. కూర్చుంటే ఇద్దరం మామూలు మనుషుల్లాగే ఉంటాం.

ఇది వాడికి చదివి వినిపించు. ఈసారి కలపాలనుకుంటే నువ్వేమన్నా కలుపుకో, నేనేమీ అనను.

మే పదిహేను బస్సుకి సీటు రాయించుకున్నాను. టీకొట్టువాడు నన్ను ఎక్కిస్తానన్నాడు. మీ బావ సరే అన్నాడా, కాదన్నాడా, మే పన్నెండో తారీకు సాయంత్రం టపా వచ్చేలోపు నాకు జవాబు కావాలి.

మామయ్య